ముష్టియు కానుకయు: తెలుగు క్రైస్తవ సమాజమున దానభావ పరిణామము

తెలుగుదేశమున క్రైస్తవమత వ్యాప్తిని గూర్చి వ్రాసిన వారిలో పెక్కురు, అనుకూలురు గాని ప్రతికూలురు గాని, ఒక ప్రశ్నను విడువక అడిగియున్నారు: మతము మారినవారు ఏమి పొందిరి? కరవునాటి కూలి, పాఠశాల, వైద్యశాల, దొరగారి అండ అని దీనికి సమాధానములు చెప్పబడినవి. ‘బియ్యపు క్రైస్తవులు’ అను నిందయు ఈ ప్రశ్న నుండియే పుట్టినది. దీనికి జంటగా అడుగవలసిన రెండవ ప్రశ్న యొకటి కలదు: వారు ఏమి యిచ్చిరి? చరిత్రకారులు దీనిని తగినంతగా అడుగలేదు. సంఘములోని ధనము విదేశములనుండి వచ్చినదనియు, ఇక్కడివారు దానిని అనుభవించినవారే యనియు తలచుట ఇందులకు కారణము కావచ్చును.

ఈ వ్యాసమున మేము రెండవ ప్రశ్ననే ముఖ్యముగా గ్రహించితిమి. 1876 మొదలు 1939 వరకు గల కాలమున, ఒంగోలు, డోర్నకల్ ప్రాంతములను ఆధారముగా చేసికొని, గ్రామమున చిరకాలము పుచ్చుకొనువారుగానే యెన్నబడిన జనులు ఇచ్చువారుగా ఎట్లు మారిరో చూపుట మా యుద్దేశము. ధనమును గూర్చిన క్రైస్తవబోధ తెలుగు నేలపై పొందిన విశిష్టరూపము ఈ మార్పునందే యున్నదని మేము భావించుచున్నాము.

1. పదముల సాక్ష్యము

ఒక సమాజము ధనమును గూర్చి యేమి తలచినదో తెలిసికొనుటకు లెక్కల పుస్తకముల కంటె ముందు నిఘంటువును చూచుట మేలు. ఇచ్చుటకు సంబంధించి మన భాషలో పెక్కు పదములున్నవి. వానిలో ప్రతిదానియందును ఇచ్చువాని స్థానమొకటి, పుచ్చుకొనువాని స్థానమొకటి నిర్ణయింపబడి యున్నవి.

‘దానము’ అనునది శాసనములకెక్కిన పదము. దానకర్తలుగా రాజులు, సామంతులు, వర్తకశ్రేణులు, ఆలయములకు అఖండదీపములు పెట్టిన సామాన్యులు సైతము శాసనములలో కనిపింతురు. గ్రహీతయు పాత్రుడై యుండవలెనని ధర్మశాస్త్రము చెప్పును. ఊరి వెలుపల నివసించిన మాల మాదిగలు ఈ శాసనములలో దాతలుగా కనుపట్టుట అరుదు. గ్రామదేవత జాతరలో మాదిగ డప్పు లేనిదే కార్యము నడువదు. కాని అది అతని దానముగా గాక, అతడు చేయవలసిన విధిగా ఎంచబడెను.

‘ముష్టి’ అను పదము మరింత ఆలోచింపదగినది. సంస్కృతమున ముష్టి యనగా పిడికిలి. వాకిట నిలిచినవానికి పిడికిట పట్టినన్ని గింజలు వేయుట ఆచారమగుటచే, ఆ కొలతకు పేరైన మాటయే తెలుగున భిక్షమునకు పేరైనది. పిమ్మట ‘ముష్టివాడు’ యాచకుడైనాడు. అల్పమును నీచమునైన దానిని ‘ముష్టి’ యని యీసడించుటయు వాడుకైనది. పిడికెడు గింజల కొలత ఒక మనుష్యుని అవమానమునకు కొలతగా పరిణమించిన తీరు ఇది.

‘కానుక’ యొక్క నడక వేరు. పెద్దలను, ప్రభువులను, దైవమును చూడబోవునపుడు చేతబట్టుకొనిపోవునది కానుక. ‘కాను’ అను చూచుటను తెలుపు ధాతువుతో దీనికి గల సంబంధము స్పష్టము. తమిళమున ‘కాణిక్కై’ యనునది దీనికి తోబుట్టువు. ముష్టి పైనుండి క్రిందికి పడును. కానుక క్రిందినుండి పైకి ఎత్తబడును. అయినను కానుక యిచ్చువాడు యాచకుడు కాడు. ప్రభువు సముఖమున నిలువగల అర్హత అతనికి ఆ కానుకచేతనే కలుగుచున్నది.

నేడు తెలుగువారిలో విశేషవ్యాప్తి గల బైబిలు అనువాదమును ఈ దృష్టితో పరిశీలించినచో, అనువాదకులు ఎంత యెరుకతో పదములను ఎన్నుకొనిరో తెలియును. బీదలకు రహస్యముగా ఇచ్చునది అందు ‘ధర్మము’. దేవాలయమున బీద విధవరాలు రెండు కాసులు వేసిన పెట్టె ‘కానుకపెట్టె’. యెరూషలేములోని బీదలకొరకు పౌలు ప్రోగుచేయించిన ద్రవ్యమునకు వాడిన మాట ‘చందా’. ఇది పారసీకము నుండి వచ్చి, పత్రికలకును, సభలకును, 1914లో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వంటి సంస్థలకును మనవారు సమకూర్చిన సొమ్మునకు పేరైన పదము. చందా యిచ్చువారందరు సభ్యులు. వారిలో ఎక్కువ తక్కువలు లేవు. ఇట్లు ధర్మము, కానుక, చందా అను మూడు పదములలో మూడు సంబంధములు ఇమిడియున్నవి: బీదవానితో, దైవముతో, తోటివారితో.

అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది ‘సిరి’ యను పదము. దేవునికిని ధనమునకును ఒకేసారి దాస్యము చేయరాదని క్రీస్తు బోధించిన చోట, మూలమున ‘మామోను’ అను అరామిక పదమున్నది. తెలుగు అనువాదకులు దానికి ‘సిరి’ యనిరి. సిరి శ్రీ శబ్దభవము, మన వాఙ్మయమున మంగళవాచకము, లక్ష్మికి పేరు. ఇంట సిరి యుండవలెనని కోరుకొను సమాజములో ఆ మాటనే దేవునికి పోటీగా నిలిచిన యజమానురాలికి వాడుట సాహసమే. ‘ధనము’ అనియున్నచో కేవలము వస్తువు. ‘సిరి’ యనుటచే అది మనుష్యుని సేవను కోరు శక్తియైనది. ధనమును గూర్చిన క్రైస్తవబోధలోని మర్మమంతయు ఈ యొక్క పదమున ఇమిడినదని చెప్పవచ్చును. ధనము చెడ్డదని కాదు ఆ బోధ. అది ఏలిక కారాదని.

2. స్వేచ్ఛార్పణము, పన్ను, వారపు పెన్నీ

తెలుగుదేశమునకు చేరకముందు ఈ బోధ సుదీర్ఘమైన చరిత్ర గలది. మన విషయమునకు కావలసినంత వరకు దానిని క్లుప్తముగా చెప్పుదుము.

ఆదిమ సంఘమున ఇచ్చుట స్వేచ్ఛాధీనము. క్రీ.శ. 197 ప్రాంతమున కార్తేజి నగరవాసియైన టెర్టుల్లియను తన మతమును సమర్థించుచు రచించిన గ్రంథమున, సంఘస్థులు నెలకొకసారి తమకు ఇష్టమైనంత, శక్తికొలది నిధిలో వేయుదురనియు, ఎవరిని నిర్బంధింపరనియు, ఆ సొమ్ము బీదల పోషణకును, వారి ఖననమునకును, అనాథులకును, వృద్ధ సేవకులకును వినియోగపడుననియు తెలిపెను. పౌలు ప్రోగుచేసిన చందాయు ఇట్టిదే. అందొక విశేషము గలదు: మాకెదోనియలోని సంఘములు తాము బీదవైయుండియు, తమకంటె పెద్దదైన యెరూషలేము సంఘములోని బీదలకు ఇచ్చినవి. కొత్త సంఘము మాతృసంఘమునకు ఇచ్చుట అను ఈ పూర్వోదాహరణము మన కథలో మరల కనిపించును.

కాలక్రమమున స్వేచ్ఛ నియమమైనది, నియమము శాసనమైనది. పాతనిబంధనలోని దశమభాగమును 585లో మాకోన్ సభ క్రైస్తవులకు విధించెను. 779లో షార్ల్‌మేన్ రాజశాసనముచే దానిని బలపరచెను. అటుపిమ్మట పడమటి ఐరోపాలో దశమభాగము కళ్ళమునుండి రైతు చెల్లించు పన్నుగా వేయేండ్లు సాగెను. ఫ్రాన్సులో 1789 విప్లవమున అది రద్దయ్యెను. ఇంగ్లండున 1836లో ధాన్యమునకు బదులు రొక్కముగా మారి, 1936 నాటి చట్టముచే తొలగిపోయెను.

పన్ను పద్ధతికి ప్రక్కనే వేరొక మార్గము ఏర్పడినది. 1792లో విలియం కేరీ తాను ప్రచురించిన చిన్న పుస్తకమున, విదేశములలో మతప్రచారమునకై సామాన్యులు వారమునకు ఒక పెన్నీ చొప్పున ఇచ్చిన చాలునని సూచించెను. కేరీ స్వయముగా చెప్పులు కుట్టి జీవించినవాడు. ఆ యేడు అక్టోబరు 2వ తేదీన కెటరింగ్ పట్టణమున సమావేశమైనవారు వ్రాసికొన్న మొదటి చందా పదమూడు పౌనుల రెండు షిల్లింగుల ఆరు పెన్సులు. తరువాతి శతాబ్దమున భారతదేశమునకు వచ్చిన మిషను ధనములో ఎక్కువ భాగము ఇట్లు సామాన్యుల చిల్లర నాణెములతో కూడినదే.

ఇక్కడొక వైపరీత్యము కలదు. కార్మికుని చేత పెన్నీగా బయలుదేరిన సొమ్ము, సముద్రము దాటి తెలుగు పల్లె చేరునప్పటికి దొరగారి చేతిలోని ఐశ్వర్యముగా కనిపించెను. దాని వెనుకనున్న అల్పదాతలు పల్లెవారికి కనబడలేదు. బంగళాయు, గుర్రమును, వంటవారును కనబడిరి. కావున అక్కడ కానుకయైనది ఇక్కడ ముష్టియయ్యెను. ఈ చిక్కును లండనులోని చర్చి మిషనరీ సొసైటీ కార్యదర్శి హెన్రీ వెన్, అమెరికాలో రూఫస్ ఆండర్సన్ అను వారిరువురు 19వ శతాబ్ది మధ్యముననే గుర్తించి, స్థానికసంఘము తన్ను తాను పోషించుకొనవలెను, పాలించుకొనవలెను, వ్యాపింపజేసికొనవలెను అను మూడు సూత్రములను ప్రతిపాదించిరి. సూత్రము సులభము. కళ్ళము వద్ద చేయిచాచి నిలుచుటకు అలవాటుపడిన బీదజనులు సంఘమును ఎట్లు పోషింపగలరు? ఇది తెలుగుదేశమున ఎదురైన అసలు ప్రశ్న.

3. కళ్ళము వద్ద మేర, కరవునాటి కూలి

పూర్వపు గ్రామవ్యవస్థలో గ్రామసేవకులకు పంటలో ఒక భాగము ముట్టుచుండెను. దీనినే ‘మేర’ యందురు. మాదిగ రైతునకు చెప్పులు, మోటకు తోలుతిత్తి, పశువులకు వారులు సమకూర్చి, ఏడాదికొకసారి కళ్ళము వద్ద తన మేరను పొందును. న్యాయముగా అది శ్రమకు ప్రతిఫలమే. కాని అది అందెడి విధమున ప్రతిఫలపు గౌరవము లేదు. దూరముగా నిలిచి, వేసినది పట్టుకొనవలెను. హక్కు రూపమున దయగా మారుటయే ఇందలి బాధ.

ఈ జనులలో అమెరికను బాప్టిస్టు మిషను పని 19వ శతాబ్ది ఉత్తరార్ధమున విస్తరించెను. నెల్లూరున 1840లో నెలకొన్న ఆ మిషను చిరకాలము ఫలితము లేక, మూసివేయవలెనను తలంపునకు సైతము గురియయ్యెను. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరెను. ఆ సంవత్సరముననే ఎర్రగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద బాప్తిస్మము పొందెను. పేరయ్య అంతకు పూర్వమే యోగమార్గమున గురుశుశ్రూష చేసినవాడు. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను.

తరువాత పది సంవత్సరములకు ధాత కరవు వచ్చెను. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన ఈ క్షామమున ప్రభుత్వము బకింగ్‌హాం కాలువ త్రవ్వకమును కరవుపనిగా నడిపించెను. క్లౌ సుమారు మూడున్నర మైళ్ళ కాలువపనిని గుత్తకు తీసికొని వేలకొలది జనులకు కూలి కల్పించెను. ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, ఆయన గంజికేంద్రము కంటె కూలిపనిని ముఖ్యముగా ఎన్నుకొనెను: కూలి భిక్షము కాదు. రెండవది, కరవుపని సాగినంతకాలము ఆయన బాప్తిస్మములను ఆపివేసెను. ధాన్యము కొరకై వచ్చినవారెవరో, విశ్వాసము కొరకై వచ్చినవారెవరో తేల్చుట అసాధ్యమైన కాలమది. సహాయము ముగిసిన పిమ్మటనే, 1878 మధ్యలో, ద్వారము తెరచెను. జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందిరి; ఆ యేడాది చివరకు ఆ సంఖ్య 9,606కు చేరెను.

ఈ సంఖ్యలను ఒక పక్షమువారు అద్భుతముగాను, మరియొక పక్షమువారు కరవు ఫలముగాను వర్ణించిరి. మా దృష్టికి ఈ రెండును చాలవు. బాప్తిస్మములను ఆపివేసిన క్లౌ, ధనము విశ్వాసమును సందేహాస్పదము చేయునని గ్రహించినవాడు. కాని ఆయన కనుగొన్న పరిష్కారము నిషేధాత్మకము: ఇచ్చునప్పుడు చేర్చుకొనకుండుట, చేర్చుకొనునప్పుడు ఇయ్యకుండుట. పుచ్చుకొనుట అను మచ్చ దీనిచే కొంత తొలగెను గాని, ఇచ్చుట అను గౌరవము దీనివలన పూర్తిగా రాదు. దానికి వేరొక ఉపాయము కావలసియుండెను.

అట్టి ఉపాయమునకు బీజము మాదిగవాడలోనే కలదు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథమున మాదిగల గురుసంప్రదాయములు వర్ణింపబడినవి. వాడకు వచ్చిన గురువునకు ఇంటనున్నది పెట్టి పంపుట వారికి పరాయి మర్యాద కాదు. దొరతనము ముందు పుచ్చుకొనువాడైన మనుష్యుడే గురువు ముందు ఇచ్చువాడు. ఈ రెండవ ముఖమును చూచి దానిని సంఘజీవనమునకు పునాదిగా చేయుటలో ప్రముఖుడు ఒక తమిళుడు.

4. అజరయ్య: తిరునెల్వేలి నుండి డోర్నకల్‌కు

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై గ్రామమున జన్మించెను. 1902లో ఆయన యాఫ్నా వెళ్ళి, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంతధనముతో మతప్రచారము నడుపుచుండుట చూచెను. మరుసటి యేట తిరునెల్వేలిలో ‘ఇండియన్ మిషనరీ సొసైటీ’ స్థాపితమయ్యెను. 1905 డిసెంబరు 25వ తేదీన శ్రీరాంపురమున ఏర్పడిన ‘నేషనల్ మిషనరీ సొసైటీ’కిని ఆయన స్థాపకులలో ఒకడు. భారతీయులే పనివారు, భారతీయుల ధనము, భారతీయుల నాయకత్వము అనునవి ఈ సంఘముల ఆదర్శములు. బంగాళమున స్వదేశీ ఉద్యమము తలయెత్తిన సంవత్సరమే 1905 అనుట మరువరాదు.

తిరునెల్వేలివారు తమ క్షేత్రముగా నిజాము రాజ్యములోని మానుకోట ప్రాంతమును ఎన్నుకొనిరి. అది నేటి తెలంగాణమున మహబూబాబాదు జిల్లా. 1904లో అచ్చట పని ఆరంభమయ్యెను. 1909లో అజరయ్య స్వయముగా డోర్నకల్ చేరెను. ఇట్లు ఆ సీమలోని తెలుగువారికి సువార్తను తెచ్చిన ధనము లండనుది కాదు, బోస్టనుది కాదు. తాటిచెట్లెక్కి జీవించిన కుటుంబములు పెక్కు గల ఒక తమిళ క్రైస్తవ సమాజపు చిన్న చిన్న కానుకలది. ఇచ్చినవారి ముఖము ఇక్కడివారికి పోల్చుకొనదగిన ముఖము. పైన మేము చెప్పిన వైపరీత్యము ఇక్కడ కొంతవరకు తొలగినది.

1910 జూన్‌లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో అజరయ్య చేసిన ప్రసంగము ప్రసిద్ధము. పాశ్చాత్య మిషనరీల త్యాగమును కొనియాడుచునే, వారిచ్చు వస్తువులకంటెను, వారి దేహశ్రమకంటెను తమవారికి కొరతయైనది స్నేహమని ఆయన నిష్కర్షగా చెప్పెను. దీనిని జాతివివక్షపై నిరసనగా చరిత్రకారులు గ్రహించిరి, అది సరియైనదే. కాని దాన విషయమునను ఇదియొక సిద్ధాంతమని మా అభిప్రాయము. ఒకడు ఎల్లప్పుడు ఇచ్చుచు, మరియొకడు ఎల్లప్పుడు పుచ్చుకొనుచున్న చోట స్నేహము పొసగదు. స్నేహము కావలెనన్నచో ఇరువురును ఇయ్యవలెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన తొలి భారతీయుడైన అజరయ్య, ఎడింబరోలో చెప్పిన మాటకు డోర్నకల్‌లో అర్థము కల్పింపబూనెను.

5. వంటకుండ చెంత

డోర్నకల్ అధ్యక్షమండలములోని సంఘములు ఎక్కువగా మాల మాదిగ కూలిజనులతో కూడినవి. వారికి నెలజీతము లేదు. రొక్కము చేతబడుట అరుదు. అట్టివారిని నగదు చందా అడుగుట వ్యర్థము. అడుగకుండుట వారిని మరల యాచకులుగానే యుంచుట. అజరయ్య ప్రోత్సహించిన మార్గము వారి ఇంటనే కలదు. గృహిణి పూటపూటకు వంటకు గింజలు కొలుచుకొనునపుడు, అందుండి ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. బియ్యమైనను సరియే, జొన్నలైనను సరియే. వారమునకొకసారి ఆ గింజలు ఆరాధనకు తేబడును. వానిని అమ్మగా వచ్చిన సొమ్ము సంఘపోషణకు చేరును.

ఈ యేర్పాటు అజరయ్య సృష్టి యని మేము చెప్పబోము. తమిళదేశమున ‘పిడి అరిసి’ యను పేర ధర్మకార్యములకు పిడికెడు బియ్యము ప్రోగుచేయు వాడుక హిందువులలోను కలదు. బంగాళమున ‘ముష్టిభిక్ష’ స్వదేశీ సంస్థలకు తోడ్పడెను. మిజోరమున 1910లో క్రైస్తవ స్త్రీలు ఆరంభించిన పిడికెడు బియ్యపు కానుక నేటికిని సాగుచున్నది. సామగ్రి దేశమంతటికి ఉమ్మడియైనది. ప్రశ్న దాని అర్థమును గూర్చినది.

ఆ అర్థమును మూడు విధములుగా వివరింపవచ్చును. మొదటిది, కొలత మారలేదు, దిశ మారినది. వాకిట నిలిచినవాని జోలెలో పడిన పిడికెడే ముష్టి. ఆ పిడికెడే ఇప్పుడు అతని యింటినుండి బయలుదేరినది. ఏ కొలతతో ఆ జనులు అవమానితులైరో ఆ కొలతతోనే దాతలైరి.

రెండవది, ఇచ్చునది స్త్రీ. కూలిడబ్బు పురుషుని చేతిలోనిది. కుండయు గింజలును ఆమె ఆధీనములోనివి. చందా పట్టీలో ఇంటి యజమాని పేరుండును; పిడికెడు బియ్యమున ఇల్లాలి చేయి యుండును. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలి కథ ఆమెకు దూరపు కథ కాదు.

మూడవది, అది మిగులులోనిది కాదు. తిన్న పిమ్మట మిగిలినది వేయుట ముష్టి పద్ధతి. వండకముందే తీసియుంచుట ప్రథమఫల పద్ధతి. పాతనిబంధనలోని ప్రథమఫలార్పణము పొలమున్నవారి ఆచారము. పొలము లేనివారి ఇంట దానికి స్థానము వంటకుండయే.

కోతల పండుగలు ఈ భావమునకే ఊరేగింపు రూపము. ధాన్యము, కోళ్ళు, గ్రుడ్లు, మేకలు, కాయగూరలు దేవాలయమునకు తెచ్చి, ఆరాధనానంతరము వేలము వేయుదురు. కళ్ళము వద్ద మేరకై నిలిచినవాడే ఇక్కడ ధాన్యము నెత్తిన పెట్టుకొని వచ్చును. గ్రామములోని ఇతరులు అతనిని ఇచ్చువానిగా చూచుటయు ఇందు భాగమే. ధనమునకే ఈ యర్పణము పరిమితము కాలేదు. బాప్తిస్మము పొందినవారు తమ తలపై చేయి యుంచుకొని, సువార్త ప్రకటింపకున్నచో తమకు శ్రమయని పలుకునట్లు అజరయ్య చేయించుచుండెను. గింజలును నోటిమాటయును అన్నియు అర్పణములే.

ఈ అనుభవమునంతయు ఆయన జీవితాంతమున ‘క్రిస్టియన్ గివింగ్’ అను ఆంగ్ల గ్రంథమున క్రోడీకరించెను. మనుష్యుడు ధనమునకు స్వామి కాడు, గృహనిర్వాహకుడు మాత్రమే. ఇచ్చుట ఆరాధన ముగిసిన పిమ్మటి వసూలు కాదు, ఆరాధనలో భాగము అను భావములు ఆ గ్రంథమునకు వెన్నెముక. తెలుగు పల్లెలలో పరీక్షింపబడిన ఈ బోధ, రచయిత 1945 జనవరి 1వ తేదీన మరణించిన పిమ్మట, 1950వ దశకమున లండను నుండి పునర్ముద్రణము పొంది ఇతరదేశముల సంఘములకును పాఠ్యమైనది. కొత్త సంఘము పాత సంఘమునకు ఇచ్చుట అను మాకెదోనియ న్యాయము ఇట్లు మరల నిజమైనది.

6. ఆక్షేపములు

ఈ చరిత్రను పరిశీలించువారు మూడు ఆక్షేపములను ఎదుర్కొనవలెను. పిడికెడు బియ్యముచే సంఘము స్వయంపోషకమైనదా? సంపూర్ణముగా కాలేదు. పాఠశాలలకు, వైద్యశాలలకు, అధిక వ్యయములకు విదేశధనము అజరయ్య కాలమంతయు వచ్చుచునే యుండెను. లెక్కల దృష్టితో చూచినచో పిడికెడు పిడికెడే.

రెండవది మరింత గట్టిది. అరకడుపు తినువానిని ఇమ్మనుట న్యాయమా? ఎవరిచ్చిరి, ఎవరియ్యలేదు అని పదిమందిలో తెలియు చోట స్వేచ్ఛార్పణము మరల పన్నుగా మారదా? ఐరోపాలో దశమభాగమునకు పట్టిన గతి ఇందులకు హెచ్చరిక. దీనికి సులభ సమాధానము లేదు. కుండలో వేయు పిడికెడు మూసిన తలుపుల వెనుక జరుగును. దాని లెక్క ఇల్లాలికి తప్ప ఒరులకు తెలియదు. నిర్బంధమునకు అది కొంత అడ్డు. పట్టీ చదివి పేర్లు వినిపించు చోట ఆ అడ్డు లేదు.

మూడవ ఆక్షేపము గాంధీజీది. 1935 అక్టోబరులో యేవలలో అంబేడ్కరు తాను హిందువుగా మరణింపనని ప్రకటించిన పిమ్మట, సామూహిక మతాంతరములపై వాదము తీవ్రమయ్యెను. 1936, 37 సంవత్సరములలో ‘హరిజన్’ పత్రికలో గాంధీజీ ఈ మతాంతరములను విమర్శించి, వాని వెనుక ఐహికప్రయోజనమే కలదని సందేహించెను. తెలుగు పల్లెలను గూర్చిన మిషనరీ వార్తలును ఆ విమర్శకు గురియైనవి. ఈ వాదమున ఇరుపక్షములును ‘ఏమి పొందిరి’ అను ప్రశ్ననే ప్రధానముగా చర్చించినవి. విచిత్రమేమన, పేదల చిల్లర కానుకలలోని శక్తిని గాంధీజీ కంటె బాగుగా ఎరిగినవారు లేరు. 1921లో బెజవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు ప్రోగుచేయ తీర్మానించినపుడు, ధనికుని వేలతోపాటు కూలివాని అణాయు ఆ నిధిలో చేరినది. అణా యిచ్చినవాడు స్వరాజ్యమును తనదిగా భావించును. పిడికెడు వేసిన స్త్రీ సంఘమును తనదిగా భావించుటయు అట్టిదే. ఈ రెండును ఒకే కాలమున, ఒకే నేలపై జరిగినవి, ఒకదానినొకటి గుర్తింపలేదు.

7. ఉపసంహారము

1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయము కరవుకాలమున జనులకు పని కల్పించిన కట్టడముగా ప్రసిద్ధము. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ దేవాలయము హిందూ, మహమ్మదీయ, క్రైస్తవ శిల్పరీతుల మేళనముగా ప్రసిద్ధము. మొదటిదాని ముందు నిలిచినవారికి కరవున దొరికిన కూలి జ్ఞప్తికి వచ్చును. రెండవదాని అధ్యక్షమండలమును తలచినపుడు కుండలోని పిడికెడు జ్ఞప్తికి రావలెనని మా అభిలాష. ఈ రెండు జ్ఞాపకములును గౌరవనీయములే. ఒకటి లేక మరియొకటి అసంపూర్ణము.

మేము నిరూపింప యత్నించినది ఇంతియే. ధనమును గూర్చిన క్రైస్తవబోధ ఐరోపాలో ధనవంతుని మనస్సాక్షిని ముఖ్యముగా సంబోధించినది: నీకున్నది నీది కాదు, ఇయ్యుము అని. తెలుగు పల్లెలలో అదే బోధ లేనివానిని సంబోధింపవలసి వచ్చినది: నీకును ఇయ్యదగినది కలదు అని. మొదటిమాట సిరిని ఏలిక స్థానమునుండి దింపును. రెండవమాట మనుష్యుని యాచక స్థానమునుండి లేపును. ముష్టి కానుకయగుట యనగా ఇదియే.

పరిశోధక విద్యార్థులకు ఇందు చేయవలసిన పని మిక్కిలి కలదు. సంఘముల రాబడి పుస్తకములు, కోతల పండుగ వేలముపాటల పట్టికలు, వృద్ధస్త్రీల నోటి జ్ఞాపకములు, కానుకలకు ఊరూర వాడుకలోనున్న మాటలు భాషాచరిత్రకును సాంఘికచరిత్రకును సమానముగా ఉపకరించు సామగ్రి. పుచ్చుకొన్నవాని లెక్క దాత పుస్తకమున ఉండును, గనుక చరిత్రకెక్కినది. పేదవాడిచ్చినదాని లెక్క చాలవరకు వంటింట నిలిచిపోయినది. ఆ లెక్కను వెదకి తీయనంతవరకు తెలుగు క్రైస్తవ సమాజపు చరిత్ర సగమే వ్రాయబడినదని చెప్పవలసియున్నది.